గేటు చేరినా వేడెక్కని బండి

ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాప్ చీఫ్ వర్క్‌షాప్ మేనేజర్ గారికి
ఓల్డ్ సెటిల్‌మెంట్ నుంచి బహిరంగ లేఖ



చల్లకొచ్చి ముంత దాచడం నాకు చేతకాదు. అడగదలచుకున్నది ముందే అడిగేస్తాను. మీ వర్క్‌షాప్‌లో అప్రెంటిస్ కుర్రాళ్ళకి లేత్ మీద పని నేర్పుతారు, వెల్డింగ్ నేర్పుతారు, మైక్రోమీటర్ చదవడం నేర్పుతారు. ఆ పాఠాల మధ్య ఒక్క గంట కేటాయించి, వాళ్ళు రోజూ గేటు దాకా వేసుకొచ్చే మోటార్‌సైకిల్ గురించి చెప్పించండి. పొద్దున్నే దాన్ని ఎలా స్టార్ట్ చెయ్యాలి, ఎంతసేపు ఆగాలి, తొలి కిలోమీటర్లు ఎలా నడపాలి అన్నది నేర్పించండి. అప్రెంటిస్‌లకే కాదు, వినదలచుకున్న కార్మికులందరికీ, క్వార్టర్లలో ఉండే వాళ్ళ పిల్లలకీ కూడా. నా కోరిక ఇంతే.

మీతో పాటు మా లైన్లలో వాళ్ళు కూడా చదవాలనే ఈ లేఖ తెలుగులో రాస్తున్నాను. మీకు తెలుగు రాకపోయినా ఇబ్బంది లేదు. మీ ఆఫీసులో ఏ సెక్షన్‌కి వెళ్ళినా చదివి వినిపించేవాళ్ళు దొరుకుతారు. 1902లో ఈస్ట్ కోస్ట్ రైల్వే ఉత్తర భాగం, అంటే కటక్ నుంచి వాల్తేరు దాకా ఉన్న లైను, బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే చేతికొచ్చింది. అప్పటి నుంచి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ, గంజాం వైపు పల్లెలకి ఖరగ్‌పూర్ ఒకే కంపెనీ పట్టాల మీద ఉన్న ఊరైపోయింది. ఖలాసీలుగా, ఫైర్‌మన్లుగా, ఫిట్టర్లుగా వచ్చినవాళ్ళు ఇక్కడే పిల్లల్ని కన్నారు, ఆ పిల్లలు మళ్ళీ ఇదే వర్క్‌షాప్ గేటు దాటారు. నేనూ ఆ వరసలో వాణ్ణే. మీ షాపులోనే ఫిట్టరుగా పనిచేసి రిటైరయ్యాను. ఇంజన్ల గురించి మీకు చెప్పడమంటే తాతకు దగ్గులు నేర్పడమేనని తెలుసు. నేను చెప్పేది మీకోసం కాదు. మీకు తెలిసినది మా పిల్లల దాకా చేరడం లేదని చెప్పడానికే ఇదంతా.

చలికాలంలో ఉదయం సైరన్‌కి ముందు మా లైన్లలో రెండు రకాల వాళ్ళు కనిపిస్తారు. మొదటి రకం ఆఖరి నిమిషం దాకా ముసుగు తియ్యరు. లేచి, కిక్ కొట్టి, ఇంజన్ ఇంకా దగ్గుతుండగానే మొదటి గేరులో అరిచేలా తిప్పి మలుపు దాటేస్తారు. రెండో రకం జాగ్రత్తపరులు. బండిని సైడ్ స్టాండ్ మీద స్టార్ట్ చేసి వదిలేసి, టీ తాగి, బూట్లు వేసుకుని, మధ్య మధ్యలో వచ్చి యాక్సిలరేటర్ రెండు మూడుసార్లు గట్టిగా తిప్పి వెళ్తుంటారు. అలా పది నిమిషాలు గడుస్తాయి. మొదటి రకం వాళ్ళని పెద్దలు మందలిస్తారు. రెండో రకం వాళ్ళని మాత్రం బండిని ప్రాణంగా చూసుకుంటాడురా అని మెచ్చుకుంటారు. నా బెంగ ఈ రెండో రకం వాళ్ళ మీదే ఎక్కువ, ఎందుకంటే వాళ్ళు ప్రేమతోనే ఇంజన్‌కి చెరుపు చేస్తున్నారు, అది చెరుపని వాళ్ళకి ఎవరూ చెప్పలేదు.

రాత్రంతా ఆగిన ఇంజన్ లోపల ఏమవుతుందో ముందు చూద్దాం. డిసెంబరు, జనవరి రాత్రుల్లో మన దగ్గర చలి 12 డిగ్రీల చుట్టుపక్కలకి, ఒక్కోసారి అంతకంటే కిందికీ దిగుతుంది. క్యామ్ మీద, రాకర్ల మీద, బోరు గోడల మీద ఉన్న ఆయిల్ మెల్లగా జారి అడుగుకి చేరుతుంది. పైన పలచని పొర ఒకటి మిగులుతుంది. అడుగున ఉన్న ఆయిల్ చలికి చిక్కబడుతుంది. డబ్బా మీద 10డబ్ల్యూ-30 అనో 20డబ్ల్యూ-50 అనో రాసి ఉంటుంది కదా, అందులో డబ్ల్యూ ముందున్న అంకె చలిలో ఆ ఆయిల్ ఎంత తేలిగ్గా పారుతుందో చెప్పేదే. అంకె చిన్నదైతే చలిలోనూ త్వరగా పైకి ఎక్కుతుంది. స్టార్ట్ చేశాక ఆయిల్ పంపు దాన్ని హెడ్ దాకా తోలడానికి కొన్ని సెకన్లు పడుతుంది. ఆ కొన్ని సెకన్లూ రాత్రి మిగిలిన పలచని పొరే దిక్కు. అప్పుడు ఇంజన్‌ని అరిపిస్తే అరిగేది ఆ పొర కింద ఉన్న లోహం.

రెండోది పెట్రోలు. పెట్రోలు ద్రవంగా కాలదు, ఆవిరై గాలితో కలిస్తేనే కాలుతుంది. చల్లటి లోహం మీద అది సరిగా ఆవిరి కాదు, గోడలకి తడిగా అంటుకుంటుంది. అందుకే పాత బండికి చోక్ పెట్టారు. గాలి తగ్గించి పెట్రోలు పాలు పెంచితే, ఆవిరైన కొద్ది భాగమైనా అంటుకోవడానికి సరిపోతుందని. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 కాలుష్య నిబంధనలు వచ్చాక బండ్లు చాలావరకు ఫ్యూయల్ ఇంజెక్షన్‌కి మారాయి. వాటిలో చోక్ మీట ఉండదు కానీ చోక్ చేసే పని ఉంది. ఇంజన్ ఎంత చల్లగా ఉందో ఒక సెన్సర్ చూసి చెబుతుంది, దాన్నిబట్టి కంప్యూటర్ ఎక్కువ పెట్రోలు చిమ్మిస్తుంది. ఏ పద్ధతిలోనైనా కాలకుండా మిగిలిన పెట్రోలు బోరు గోడ మీది ఆయిల్‌ని కడిగేస్తుంది, రింగుల సందుల్లోంచి జారి కింద ఆయిల్లో కలుస్తుంది. పది నిమిషాలు ఇంటి ముందు తిరుగుతున్న ఇంజన్‌లో జరిగేది ఈ కడుగుడే. మధ్యలో వచ్చి యాక్సిలరేటర్ తిప్పిన ప్రతిసారీ ఇంకాస్త పెట్రోలు పోసినట్టు. ప్లగ్గు నల్లబడటానికీ, మెకానిక్ దగ్గరికి నెలకోసారి పరుగెత్తడానికీ మూలం ఇక్కడే ఉంది.

ఇక మూడోది, మన షాపులో పనిచేసినవాళ్ళకి ఇట్టే అర్థమయ్యేది. పిస్టన్ అల్యూమినియం. చాలా బండ్లలో బోరు లోపలి గొట్టం పోత ఇనుము. ఒకే వేడికి అల్యూమినియం ఇనుము కంటే రెట్టింపు సాగుతుంది. స్ప్లెండర్ బండి బోరు 50 మిల్లీమీటర్లు. అంత వెడల్పున్న అల్యూమినియం పిస్టన్ 150 డిగ్రీలు వేడెక్కితే 0.17 మిల్లీమీటర్ల దాకా సాగుతుంది. పిస్టన్ పక్క గోడకీ బోరుకీ మధ్య వదిలే సందు మిల్లీమీటరులో కొన్ని వందో వంతులే. అందుకే పిస్టన్‌ని నిండు గుండ్రంగా చెయ్యరు, ఓ పిసరు కోలగా, పైన సన్నగా, కింద వెడల్పుగా గ్రైండ్ చేస్తారు. వేడెక్కి అన్ని వైపులా సాగాకే అది తన అసలు రూపానికి వస్తుంది. చల్లగా ఉన్నప్పుడు వదులుగా ఊగుతూ బోరు గోడని తడుతుంది, పొద్దున్నే వినిపించే టకటకలో అదీ ఒక భాగం. స్టార్ట్ చేసిన వెంటనే ఫుల్లుగా తిప్పితే మంటకి ఎదురుగా ఉన్న పిస్టన్ గబగబా సాగుతుంది, బయట చలిగాలి తగులుతున్న బోరు అంత త్వరగా సాగదు. సందు మూసుకుపోతుంది. టూ స్ట్రోక్ రోజుల్లో, రాజ్‌దూత్‌లూ 1985లో వచ్చిన ఆర్‌ఎక్స్ 100లూ మన రోడ్ల మీద తిరిగే కాలంలో, చలి పొద్దున పిస్టన్ బోరుని పట్టేసి నడిరోడ్డు మీద వెనక చక్రం బిగుసుకుపోయిందంటే పెద్దగా ఎవరూ ఆశ్చర్యపోయేవారు కాదు. ఇప్పటి ఫోర్ స్ట్రోక్ బండి అంత త్వరగా పట్టెయ్యదు. గీతలు పడతాయి, పొగ మొదలవుతుంది, బోరు చేయించాలంటాడు మెకానిక్. అయ్యేది ఒకటే, ఆలస్యంగా అవుతుంది.

మరి ఇంటి ముందు నిలబెట్టి వేడెక్కిస్తే ఈ ప్రమాదం తప్పుతుంది కదా అని జాగ్రత్తపరులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. జవాబు ఏమిటంటే, బరువు లాగని ఇంజన్ పుట్టించే వేడి చాలా తక్కువ. అది పావుగంటలో చేసే పని మెల్లగా నడిపితే నాలుగైదు నిమిషాల్లో అవుతుంది. పైగా మోటార్‌సైకిల్లో ఇంజన్‌కీ, గేర్లకీ, క్లచ్ ప్లేట్లకీ ఎక్కువ బండ్లలో ఒకటే ఆయిల్. నిలబెట్టిన బండిలో గేర్లమీద బరువు పడదు, చక్రం బేరింగుల్లో గ్రీజు చల్లగానే ఉంటుంది, టైరూ చల్లగానే ఉంటుంది. ఇంకో సంగతి, మన బండ్లలో చాలావాటికి నీళ్ళతో చల్లబరిచే ఏర్పాటు లేదు, రెక్కల మీదుగా వీచే గాలే చల్లబరచాలి. నిలబెడితే గాలి లేదు. ఆయిల్ ఇంకా చల్లగా ఉండగానే హెడ్ దగ్గర మాత్రం వేడి పోగుపడుతుంది. ఒకచోట చలి, ఒకచోట కాక. మనం కోరుకున్నది అన్నిచోట్లా సమానంగా వేడి.

అయ్యా, ఈ సమానమైన వేడి గురించి ఈ ఊరికి ఒకప్పుడు వేరే ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆవిరి ఇంజన్ల చివరి రోజుల్లో నేను అప్రెంటిస్‌గా చేరాను. చల్లారిన ఇంజన్‌కి నిప్పు రాజేస్తే బండి లాగడానికి సిద్ధమయ్యేసరికి గంటల తరబడి పట్టేది. బొగ్గు తక్కువై కాదు. ఫైర్‌బాక్స్ ఒక తీరున సాగుతుంది, ట్యూబులు ఒక తీరున, బాయిలర్ పైరేకు ఇంకో తీరున. తొందరపడి మంట పెంచితే ట్యూబులు కారడం మొదలవుతుంది, స్టేలు తెగుతాయి. షెడ్డులో మంట రాజేసే మనిషికి జీతం తక్కువైనా మాట చెల్లుబాటు ఎక్కువగా ఉండేది. ఇంకా టైము కావాలని అతనంటే డ్రైవరు కూడా వాదించేవాడు కాదు. కదిలేముందు సిలిండర్ల కింద నీరు వదిలే కాక్‌లు తెరిచి ఉంచేవారు. చల్లటి సిలిండర్‌లోకి వెళ్ళిన ఆవిరి నీరవుతుంది, నీరు నొక్కితే నలగదు, అది బయటికి పోకపోతే సిలిండర్ మూత పగులుతుంది. అందుకే తొలి కొన్ని గజాలు రెండు పక్కలా తెల్లగా ఆవిరి చిమ్ముకుంటూ, నింపాదిగా కదిలేది ఇంజన్. లోడు పడేది ఆ తరవాతే.

బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కోసం 1929లో మాంచెస్టర్‌లోని బేయర్ పీకాక్ కంపెనీ కట్టిన ఎన్ క్లాస్ గారట్ ఇంజన్ల పేరు మీకు చెప్పాలా! మన దేశంలో నడిచిన ఆవిరి ఇంజన్లలో అంతటి భారీవి మరి లేవంటారు. రెండు ఇంజన్లని ఒకే బాయిలర్‌కి కట్టినట్టుండే ఆ మహాకాయాల్లో 815 నంబరుది మన ఖరగ్‌పూర్‌లోనే దక్కింది, 2006లో దానికి మళ్ళీ నిప్పు రాజేసి నడిపించారు. అంత ఇనుముని బతికించిన చేతులకి, నిదానంగా వేడెక్కించడం అంటే ఏమిటో తెలియకపోతే అది సాధ్యమయ్యేది కాదు. డీజిల్ కాలంలోనూ ఇదే శ్రద్ధ. స్టార్ట్ చేసేముందు టెస్ట్ కాక్‌లు తెరిచి, సిలిండర్లలో నీళ్ళు గానీ ఆయిల్ గానీ చేరలేదని చూసుకునేవారు. చివరికి ఊరికే తిరుగుతూ ఉండే ఇంజన్ డీజిలు తినడం తప్ప సాధించేది లేదని రైల్వేయే గుర్తించింది, డీజిల్ ఇంజన్లకి వేరుగా ఆక్సిలరీ పవర్ యూనిట్లు బిగించింది. రైల్వే తన ఇంజన్లకి నేర్చుకున్న ఈ రెండు పాఠాలూ, చల్లగా ఉన్నప్పుడు తొందరపెట్టకూడదన్నదీ ఊరికే తిప్పుతూ ఉంచకూడదన్నదీ, దాని ఉద్యోగి సొంత బండికి ఎందుకు వర్తించకూడదు?

ఇప్పుడు మన ఊరికే ప్రత్యేకమైన చిక్కుకి వస్తాను. ఈ లేఖకి అసలు కారణం ఇదే. రైల్వే వాళ్ళు ఈ ఊరిని కొలత వేసి కట్టారు. పనిచేసే చోటికి పడుకునే చోటు దగ్గరగా ఉండాలని సెటిల్‌మెంట్లు వేశారు. ఓల్డ్ సెటిల్‌మెంట్ నుంచి వర్క్‌షాప్ గేటు ఎంత దూరం? మోటార్‌సైకిల్‌కి అది ఒక దూరం కాదు. ఇంజన్ వేడెక్కడం మొదలవుతుండగానే గేటు వచ్చేస్తుంది, బండి స్టాండులో చేరిపోతుంది. మధ్యాహ్నం భోజనానికి ఇంటికి, మళ్ళీ గేటుకి, సాయంత్రం గోల్ బజార్‌కి కూరగాయలకి. రోజుకి ఎన్నిసార్లు స్టార్ట్ చేసినా ఒక్కసారి కూడా ఆయిల్ పూర్తిగా వేడెక్కదు. హైదరాబాద్‌లో గంటసేపు బండి నడిపి ఆఫీసుకి వెళ్ళే కుర్రాడు తన ఇంజన్ గురించి పడాల్సిన బాధ వేరు, మన వాడి బాధ వేరు.

పొట్టి దూరాలు ఇంజన్‌ని ఎలా తింటాయంటే, పెట్రోలు కాలితే నీరు పుడుతుంది. లీటరు పెట్రోలు కాలితే ఇంచుమించు లీటరు నీరు. వేడెక్కిన బండిలో అది కంటికి కనబడని ఆవిరిగా సైలెన్సర్ లోంచి వెళ్ళిపోతుంది. చల్లటి బండిలో సైలెన్సర్ గోడకి తగిలి నీరై అక్కడే నిలుస్తుంది. చలి పొద్దున సైలెన్సర్ కొసన చుక్కలు కారుతుంటే చాలామంది భయపడతారు, ఆ చుక్కలకి భయపడనక్కర్లేదు. భయపడాల్సింది లోపల మిగిలిపోయే నీటికి. సైలెన్సర్ బయట మెరుస్తూనే లోపల్నుంచి తుప్పు పట్టి పోతుంది. కొంత ఆవిరి రింగులు దాటి ఆయిల్లోకి దిగుతుంది. ఆయిల్ పోసే మూత విప్పి చూస్తే లోపలివైపు తెల్లటి నురగలాంటి జిడ్డు అంటుకుని ఉంటుంది. అది నీరూ ఆయిలూ కలిసిన ముద్ద. మనవాళ్ళు దాన్ని చూసి ఆయిల్ కల్తీ అనుకుంటారు. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోల్లో 20 శాతం ఇథనాల్ కలుస్తోంది. ఇథనాల్ ఆవిరి కావడానికి పెట్రోలు కంటే రెట్టింపుకి పైగా వేడి తీసుకుంటుంది, తేమని కూడా పీల్చుకుంటుంది. అంటే చల్లటి ఇంజన్‌కి ఇదివరకటి కంటే ఇంకాస్త సాయం కావాలి.

దీనికి మందు ఇంటి ముందు పది నిమిషాలు తిప్పడం కాదు. వారంలో ఒకసారైనా బండిని తన ఒంట్లోని తేమంతా ఆరేలా నడపాలి. సెలవురోజు ఆగకుండా అరగంట, ఏ మిడ్నాపూర్ వైపో, హైవే మీదకో. ఆయిల్ బాగా కాగితేనే అందులో చేరిన నీరూ పెట్రోలూ ఆవిరై పోతాయి. ఆయిల్ మార్చే గడువు కూడా కిలోమీటర్లని మాత్రమే చూసి లెక్కపెట్టకూడదు. తక్కువ తిరిగింది కదా, ఇంకో ఏడాది నడుస్తుందిలే అనుకునే పెద్దమనిషి బండి ఆయిలే అందరికంటే ముందు చెడుతుంది. కిలోమీటర్లు తిరగకపోయినా నెలల లెక్క చూసి మార్చాలి. దగ్గర దూరాల వాడకాన్ని కంపెనీలు కఠినమైన వాడకం కిందే జమకడతాయి. ఎంత దగ్గరగా తిరిగితే బండికి అంత సుఖం అన్న నమ్మకం మన క్వార్టర్లలో బలంగా ఉంది. దాన్ని పోగొట్టడానికే ఆ గంట పాఠంలో సగం పోయినా నష్టం లేదు. నిజానికి, వీలైన చోట గేటు దాకా సైకిల్ మీద వెళ్ళడం కంటే బండికీ మనిషికీ మంచిది లేదు. మా పెద్దలందరూ అలాగే వెళ్ళారు.

పొద్దున్నే చెయ్యాల్సింది ఏమిటో కూడా చెప్పేస్తాను, మీ ఇన్‌స్ట్రక్టర్లు దీన్ని సరిదిద్ది, ఇంకా మెరుగు చేసి చెప్పవచ్చు. బండిని మెయిన్ స్టాండ్ మీద నిలబెట్టి ఆయిల్ మట్టం చూసుకోవాలి. న్యూట్రల్లో ఉందో లేదో చూడాలి. కిక్ ఉన్న పాత బండైతే తాళం తిప్పకుండానే క్లచ్ పట్టుకుని రెండు మూడుసార్లు మెల్లగా కిక్ నొక్కాలి. రాత్రి అతుక్కున్న క్లచ్ ప్లేట్లు విడతాయి, మొదటి గేరు వేసినప్పుడు బండి ముందుకు ఉరకదు. ఆ తరవాత క్లచ్ వదిలి ఇంకో రెండుసార్లు నొక్కితే ఇంజన్ తిరిగి ఆయిల్ కాస్త కదులుతుంది. పాత బుల్లెట్ వాళ్ళ పద్ధతి వేరు. డీకంప్రెసర్ మీట నొక్కి, యాంప్ మీటర్ ముల్లు నడుమకి వచ్చేలా పిస్టన్‌ని సరైన చోట నిలిపి, అప్పుడు కొట్టాలి. లేకపోతే కిక్ తిరగబడి చీలమండ విరగవచ్చు. చోక్ లాగాలి, యాక్సిలరేటర్ ముట్టకూడదు. ఇంజెక్షన్ బండైతే తాళం తిప్పి, ట్యాంకు లోపల పంపు గుర్రుమనడం ఆగేదాకా రెండు మూడు సెకన్లు ఆగి సెల్ఫ్ నొక్కాలి. ఆ రెండు సెకన్లు ఆగలేక సెల్ఫ్ మీద సెల్ఫ్ నొక్కేవాళ్ళ బ్యాటరీలు ఎక్కువ కాలం రావు.

స్టార్ట్ అయ్యాక అరనిమిషం, గట్టి చలిలో ఒక నిమిషం చాలు. హెల్మెట్ పెట్టుకుని బకిల్ బిగించి, టైర్లు చూసి, అద్దాలు తుడుచుకునేసరికి ఆ నిమిషం అయిపోతుంది. ఇంజన్ చప్పుడు ఒక తీరుకి వచ్చిందంటే బయల్దేరవచ్చు. చోక్ సగానికి దించి, కాస్త దూరం పోయాక పూర్తిగా మూసెయ్యాలి. మూయడం మర్చిపోయి ఊరంతా తిరిగేవాళ్ళున్నారు. పెట్రోలు తాగుతోందని బండిని తిడతారు, తాగిస్తున్నది వాళ్ళే. తొలి రెండు మూడు కిలోమీటర్లు యాక్సిలరేటర్ సగం దాటకూడదు. అలాగని నాలుగో గేరులో పదిహేను వేగంతో గుద్దుకుంటూ లాగించడమూ తప్పే, అది చల్లటి ఇంజన్‌కి ఇంకా పెద్ద బరువు. గేరుకి తగ్గ వేగం, వేగానికి తగ్గ గేరు. మంచు కురిసిన పొద్దున్న బ్రేకుల మీద తడి ఉంటుంది, టైర్లు చల్లగా ఉండి పట్టు తక్కువ ఉంటుంది. ఇంజన్ కోసం మెల్లగా వెళ్ళినవాడికి ఇవి కూడా కలిసొస్తాయి. మే నెలలో నలభై దాటిన ఎండల్లో ఈ నిరీక్షణ అంతా అక్కర్లేదు, ఆయిల్ పైకెక్కే కొన్ని సెకన్లు చాలు. తొలి కిలోమీటరు నెమ్మది మాత్రం అప్పుడూ మానకూడదు. బండితో ఇచ్చే పుస్తకం ఇంకోలా చెబితే పుస్తకం మాటే వినాలి.

ఒక ప్రమాదం గురించి మాత్రం గట్టిగా చెప్పాలి. దొంగల భయంతో మా క్వార్టర్లలో చాలామంది వసారాకి గ్రిల్లు బిగించి, చలికి దానికి ప్లాస్టిక్ పట్టా కట్టి, బండిని లోపల పెట్టుకుంటారు. పొద్దున్నే అక్కడే స్టార్ట్ చేసి వేడెక్కిస్తారు. వసారాని ఆనుకునే పడకగది, దాని కిటికీ పక్కనే నిద్రపోతున్న పిల్లలు. చల్లటి ఇంజన్ పొగలో కార్బన్ మోనాక్సైడ్ అన్నిటికంటే ఎక్కువగా ఉండేది సరిగ్గా ఆ నిమిషాల్లోనే, ఎందుకంటే పెట్రోలు ఎక్కువ, గాలి తక్కువ. సైలెన్సర్‌లోని క్యాటలిటిక్ కన్వర్టర్ 250, 300 డిగ్రీలు వేడెక్కితే గానీ పని మొదలుపెట్టదు. ఆ వాయువుకి రంగు లేదు, వాసన లేదు. తలనొప్పి వస్తుంది, వికారం పుడుతుంది, ఇంకా పీలిస్తే మనిషి నిద్రలోనే పోతాడు. బండిని వసారా లోంచి తోసుకుని రోడ్డు మీదకి తెచ్చాకే స్టార్ట్ చెయ్యాలి. పాఠం మొత్తంలో ఒక్క మాటే చెప్పే వ్యవధి ఉంటే ఈ మాటే చెప్పించండి.

ఇది వాళ్ళ సొంత బండి సంగతి, వర్క్‌షాప్‌కి ఏం పని అని మీ కింది అధికారులు ఎవరైనా అనవచ్చు. వాళ్ళకి నా మనవి ఒక్కటే. ఈ ఊళ్ళో మెకానిక్ విద్య ఎప్పుడూ గేటు లోపల ఆగిపోలేదు. షాపులో ఫైలు పట్టడం నేర్చిన చేతులే ఇంటి దగ్గర కుట్టుమిషన్లు, బోరింగులు, పక్కింటివాళ్ళ స్కూటర్లు బాగుచేశాయి. లైన్లో ఎవరి బండి మొరాయించినా తోసుకుంటూ తీసుకెళ్ళి నిలబెట్టేది షాపులో పనిచేసే బాబాయి ఇంటి ముందే. ఇప్పటి కుర్రాళ్ళకి బండి కొనడం తేలికైంది, నెల నెలా వాయిదాలు కడుతున్నారు. ఖలాసీ జీతంలో ఆ వాయిదా చిన్నది కాదు. ఆ వాయిదా తీరకముందే బోరు చేయించాల్సి వస్తే అది ఆ ఇంటి మీద పడే దెబ్బ. ఒక గంట పాఠం ఆ దెబ్బని ఆపగలదు.

ఖర్చు కూడా పెద్దగా లేదు. స్క్రాపుకి పోయే పాత ఇంజన్ ఒకటి తెచ్చి అడ్డంగా కోసి, పిస్టన్, రింగులు, ఆయిల్ దారి కనబడేలా పెట్టించండి. మన షాపులో ఆ కోత కోయలేనివాడు లేడు. పక్కన అరిగిన పిస్టన్ ఒకటి, మంచి పిస్టన్ ఒకటి పెట్టి మైక్రోమీటర్ చేతికిస్తే, కోలగా ఉండటమంటే ఏమిటో కుర్రాడు తనే కొలిచి తెలుసుకుంటాడు. కొలత నేర్పినట్టూ అవుతుంది, బండి నేర్పినట్టూ అవుతుంది. తెలుగులో, బెంగాలీలో, హిందీలో చెప్పగలవాళ్ళు మీ సూపర్‌వైజర్లలోనే ఉన్నారు. సైకిల్ స్టాండు గోడ మీద మూడు భాషల్లోనూ నాలుగు ముక్కలు రాయించండి: రోడ్డు మీద స్టార్ట్ చెయ్యండి, ఒక్క నిమిషం ఆగండి, గేటు దాకా మెల్లగా రండి, వారానికోసారి దూరం తిప్పండి.

అప్రెంటిస్‌ల కొత్త బ్యాచి మొదలయ్యేలోగా కుదిరితే ఈ చలికాలంలోనే ఒక ఆదివారం పొద్దున్న పెట్టించండి, ఇంజన్లు నిజంగా చల్లగా ఉండే వేళ. ఇంజన్ కోయించడానికి అనుమతి ఇస్తే గుర్తులు పెట్టి, కోతకి సిద్ధం చేసి ఇవ్వడానికి నాలాంటి రిటైరైన ఫిట్టర్లు మా లైన్లలో ఇంకా ఉన్నాం. కబురు పంపితే వస్తాం.

ఇట్లు,
ఓల్డ్ సెటిల్‌మెంట్ వాసి, మీ వర్క్‌షాప్ రిటైర్డ్ ఫిట్టరు